మా మిద్దెతోట గ్రూపులో కెలుకుడు రాయుడు: అడ్మిన్‌గా నా అనుభవం

సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. ఆ సంగతి తెలియక మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ బాగా పొద్దెక్కాక మగపువ్వు తెంపి ఆడపువ్వుకి రుద్దుతూ, "పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి, ఎందుకండీ?" అని అడిగారు. 2025 జనవరి 19, ఆదివారం. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "సొరకి చేత్తో పరాగసంపర్కం సాయంత్రం ఆరు దాటాక చెయ్యాలి." మంచి జవాబే. కానీ అక్కడితో ఆగలేదు. "ఈమాత్రం తెలియనివాళ్ళకి మిద్దెతోట ఎందుకమ్మా? మీ ఆయన సంపాదిస్తున్నాడుగా, బజారుకెళ్ళి కొనుక్కోండి" అని ఇంకో రెండు లైన్లు, పక్కన పళ్ళికిలించే బొమ్మలు.

అక్కడ మొదలైన గొడవ మే నెల దాకా నడిచింది. ఆ గ్రూపుకి ఉన్న ముగ్గురు అడ్మిన్లలో నేనొకదాన్ని. బ్యాంకులో ఉద్యోగం, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వైపు ఇల్లు, డాబా మీద గ్రో బ్యాగులు. ఇలాంటిది నెత్తి మీద పడితే ఎవరికి చెప్పుకోవాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఏం దాచిపెట్టుకోవాలి అన్నది చెప్పేవాళ్ళు అప్పట్లో నాకు దొరకలేదు. అందుకే రాస్తున్నాను. ఇందులో ఎవరి అసలు పేర్లూ ఉండవు. సొరకాయ ఆవిడని లక్ష్మిగారు అంటాను. ఆయన్ని పెద్దాయన అంటాను, వయసులో పెద్ద కాబట్టి.

పెద్దాయన పనికిమాలిన మనిషైతే మొదటి వారమే తీసేసేవాళ్ళం. ఆయనకి మొక్కల గురించి తెలిసినంత మా ఎవరికీ తెలియదు. ఆకు ఫొటో పెడితే చాలు, అది పిండినల్లో, పేనుబంకో, పోషకాల లోపమో చెప్పేసేవాడు. పుల్లమజ్జిగ ఎంత నీళ్ళలో కలపాలి, వేపనూనెలో కుంకుడు రసం ఎందుకు పొయ్యాలి, అన్నీ ఓపిగ్గా రాసేవాడు. ఆ ఓపిక మగవాళ్ళ ప్రశ్నలకే. అడిగింది ఆడవాళ్ళైతే, అందులోనూ కొత్తవాళ్ళైతే, జవాబుతో పాటు ఒక చురక తప్పదు. ఆ చురకకి చప్పట్లు కొట్టే నలుగురైదుగురు ఎప్పుడూ ఉండేవాళ్ళు. నా లెక్కలో ఆయన కంటే వాళ్ళే ప్రమాదం. చప్పట్లు లేకపోతే ఆ నోరు అంత పెరిగేది కాదు.

ఆ రాత్రి ఆయనకి విడిగా ఫోన్ చేశాను. గ్రూపులో అందరి ముందు అనలేదు. అందరి ముందు అంటే మాట వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టమే. ఫోన్లో ఎంత మర్యాదో! "అయ్యో, సరదాగా అన్నానమ్మా, మా చెల్లెలు లాంటిది" అన్నాడు. రెండు వారాలు ప్రశాంతంగా గడిచాయి. ఫిబ్రవరిలో వాయిస్ మెసేజులు మొదలుపెట్టాడు.

రాతల్లో ఉన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. మూడు నిమిషాల వాయిస్‌లో రెండున్నర నిమిషాలు జీవామృతం అనే సహజ ఎరువు గురించి చెప్పి చివర్లో ఒకరి మీద ఎకసెక్కెం ఆడితే, అది మొత్తం వింటే తప్ప తెలియదు. ఉదయం కూర పోపులో వేసి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆయన గొంతు వినడం నా డ్యూటీ అయిపోయింది. టెన్షన్ ఎలా ఉండేదంటే, ఆఫీసులో ఫోన్ మోగితే కస్టమర్ అనుకునే ముందు "గ్రూపులో ఏం తగలబడిందో" అనిపించేది.

అప్పుడే ఇంకో విషయం కంటపడింది. వాట్సాప్‌లో ఎవరైనా గ్రూపు వదిలి వెళ్తే ఇప్పుడు అందరికీ నోటిఫికేషన్ రాదు, అడ్మిన్లకే వస్తుంది. గత 60 రోజుల్లో బయటికి వెళ్ళినవాళ్ళ పేర్లు గ్రూప్ వివరాల్లో కిందన కనిపిస్తాయి. తెరిచి చూస్తే దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "ఏం లేదండీ, ఫోన్లో స్పేస్ లేదు" అన్నవాళ్ళే ఎక్కువ. ఒక రిటైర్డ్ టీచరు మాత్రం, "ప్రశ్న అడగాలంటే భయమేస్తోందమ్మా. ఈ వయసులో నాకెందుకు ఈ మాటలు" అన్నారు. గ్రూపులో అరిచేవాళ్ళ గొంతు వినబడుతుంది, మానేసినవాళ్ళది వినబడదు. అప్పట్నుంచి ఏ నిర్ణయమైనా ఆ కింద ఉన్న పేర్లు చూశాకే తీసుకున్నాం.

అప్పటిదాకా మా రూల్ ఒక్కటే, "అందరూ మర్యాదగా ఉండాలి" అని. మర్యాద అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం కాబట్టి దానితో ఎవరినీ ఆపలేం. ఫిబ్రవరి 23న కూర్చుని కొత్తవి రాశాం. మొక్క గురించి మాట్లాడాలి, మనిషి గురించి వద్దు. అడగకుండా సభ్యుల ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళకూడదు. ఒకరి ఫొటోని వాళ్ళని అడగకుండా వాడకూడదు. ఒక నిమిషం దాటిన వాయిస్ తీసేస్తాం. రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టలేకుండా సెట్టింగ్ మారుస్తాం. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఈ చివరిదే. మా గొడవల్లో ముప్పాతిక భాగం రాత్రి పదకొండు ప్రాంతంలో పుట్టినవే. పొద్దున్నే లేచేసరికి సగం మంది ఏమనాలనుకున్నారో మర్చిపోయేవాళ్ళు.

ఎవరినైనా తీసెయ్యాలంటే ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకోవాలన్నది మాలో మేము పెట్టుకున్న ఒప్పందం. మార్చి 9న ఒప్పుకున్నాం. ఆ రోజు ఆయన ఒక అమ్మాయి వేసుకున్న నైటీ గురించి వ్యాఖ్య చేశాడు. ఆ పిల్ల పెట్టింది టమాటా మొక్క ఫొటో. వెనక అద్దంలో తను కనబడిందంతే.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. అడ్మిన్ అధికారంతో అందరికీ డిలీట్ కొడితే ఆ మెసేజ్ మన ఫోన్లోంచి కూడా పోతుంది. ముందు స్క్రీన్‌షాట్, ఆ తర్వాతే డిలీట్. పైగా "ఈ మెసేజ్‌ని ఫలానా అడ్మిన్ తొలగించారు" అని మన పేరు అందరికీ కనబడుతుంది. దాంతో ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని ఇంకో పంచాయితీ.

తీసేసిన గంటలోనే అసలు రచ్చ. "అంత తెలిసిన మనిషిని పంపించేస్తే మాకు సలహాలు ఎవరు చెప్తారు?" అని ఒకరు. "తప్పు ఇద్దరిదీ ఉంది" అని ఇంకొకరు. అద్దంలో కనబడిన పిల్ల తప్పేమిటో ఆయన చెప్పలేదు. "వాక్ స్వాతంత్ర్యం లేదా?" అన్నవాళ్ళకి మా సహ అడ్మిన్, పటాన్‌చెరులో పనిచేసే తమ్ముడు, "ఉందన్నా, మీరూ ఒక గ్రూప్ పెట్టుకోవచ్చు" అని జవాబిచ్చాడు. పెట్టుకున్నారు కూడా. కొంతమంది అటు వెళ్ళారు. బాధేసింది, అబద్ధం ఎందుకు. నాతో కలిసి విత్తనాలు పంచుకున్నవాళ్ళు వాళ్ళలో ఉన్నారు.

మా ఇంట్లో భయం వేరు. "ఎవడో ఏదో పెడితే అడ్మిన్‌వని నిన్ను లోపలేస్తారు, నీకెందుకు ఈ గోల" అని మా వారు. తెలిసిన లాయరు గారిని అడిగాను. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యత ఉండదని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో తీర్పులిచ్చాయట. అడ్మిన్ కూడా ఆ పనిలో చెయ్యి కలిపితే సంగతి వేరు. ఆ మాట విన్నాక మా వారు భయపడటం మానేశారు, సణగడం మానలేదు.

వాట్సాప్‌లో అడ్మిన్ తీసేసిన నంబర్ మళ్ళీ లింక్ నొక్కి లోపలికి రాలేదు. కొత్త నంబర్ అయితే రావచ్చు. మా లింక్ అప్పటికే పది గ్రూపుల్లో తిరుగుతోంది.

మార్చి 30, ఉగాది. శుభాకాంక్షలు, వేపపూత ఫొటోలు, మామిడి తోరణాలు వరదలా వస్తున్నాయి. వాటి మధ్యలో ఎవరో కొత్త నంబర్ నుంచి ఒక స్టిక్కర్. లక్ష్మిగారు ఫిబ్రవరిలో తొలి సొరకాయ కోసుకుని, పసిపాపని ఎత్తుకున్నట్టు పట్టుకుని దిగిన ఫొటో ఒకటి పెట్టారు. దాన్ని కత్తిరించి, కింద బూతు మాట రాసి స్టిక్కర్ చేశారు. నేను ఉగాది పచ్చడి గిన్నెలు సర్దుతున్నాను. ఫోన్ చూసేసరికి ఇరవై నిమిషాలు. ఈలోపు అదే స్టిక్కర్‌ని ఇంకో ఇద్దరు తిరిగి పంపారు. ఒకాయన అర్థం చూసుకోకుండా నవ్వుకుని పంపానన్నాడు. అయ్యుండొచ్చు. కానీ స్టిక్కర్‌తో ఇబ్బంది ఏమిటంటే, గ్రూపులో తీసేసినా సేవ్ చేసుకున్నవాళ్ళ ఫోన్లలో అది ఉండిపోతుంది. ఇంకో కాలనీ గ్రూపులో అదే చూశానని లక్ష్మిగారి ఆడపడుచు ఫోన్ చేసిందట. ఆ ఫోన్ వచ్చాక ఆవిడ రెండు రోజులు డాబా ఎక్కలేదు. మొక్కలకి వాళ్ళబ్బాయే నీళ్ళు పోశాడు.

అదే రోజు లింక్ మార్చేశాం. కొత్తవాళ్ళు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా సెట్టింగ్ పెట్టాం. చేరాలనుకునేవాళ్ళని మేమే మెసేజ్ చేసి ఒకటే అడుగుతాం. "మీ డాబా మీద ఇప్పుడు ఏం కాస్తోంది? ఫొటో పంపండి." ఏమీ లేకపోతే ఖాళీ డాబా ఫొటో అయినా సరే. కెలకడానికి వచ్చేవాళ్ళకి అంత ఓపిక ఉండదు. స్టిక్కర్ పంపిన ఆ నంబర్‌ని వాట్సాప్‌కి రిపోర్ట్ కూడా చేశాం. రిపోర్ట్ చేస్తే ఆ మనిషి పంపిన చివరి ఐదు మెసేజులు వాళ్ళకి వెళ్తాయి, మనం చేసినట్టు అవతలివాళ్ళకి తెలియదు.

ఏప్రిల్ 12న ఇంకో యాప్‌లో లక్ష్మిగారి పేరుతో, అదే ఫొటోతో ఒక అకౌంట్ తెరిచారు. మా గ్రూపులోని మగవాళ్ళకి ఆవిడ రాసినట్టు మెసేజులు వెళ్ళాయి. ఏం రాశారో ఇక్కడ రాయను. నేను ఆ యాప్‌లో నకిలీ అకౌంట్ అని రిపోర్ట్ కొట్టాను. కొన్ని గంటల్లో జవాబు, మా నిబంధనలకి విరుద్ధంగా ఏమీ కనబడలేదు అని. ఒళ్ళు మండింది. లాయరు గారు చెప్పిన దారి వేరు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం మరొకరి పేరుతో నటించే అకౌంట్ల మీద, మార్ఫింగ్ చేసిన ఫొటోల మీద బాధితురాలు గానీ ఆమె తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలి. అది మేం చేసిన నాటి గడువు. మామూలు రిపోర్ట్ బటన్ కాకుండా, ఆ యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి లక్ష్మిగారే తన గుర్తింపు కార్డు జతచేసి రాశారు. మర్నాడు సాయంత్రానికి అకౌంట్ పోయింది. బటన్ నొక్కితే కానిది ఉత్తరం రాస్తే అయింది.

ఏప్రిల్ 13, ఆదివారం, ఆవిడ మా ఇంటికి వచ్చారు. ఇద్దరం కూర్చుని సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపాం. చాలామంది సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమంటారు. అది ముఖ్యంగా డబ్బు పోయిన కేసులకి. ఇలాంటివాటికి పోర్టల్‌లో మహిళలు, పిల్లలకి సంబంధించిన విభాగం విడిగా ఉంది. పేరు చెప్పకుండా ఇవ్వొచ్చు, పేరు చెప్పి తర్వాత ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోనూ వచ్చు. మేము రెండోది ఎంచుకున్నాం. జరిగింది రాసే గడిలో కనీసం 200 అక్షరాలు ఉండాలంది, కొన్ని గుర్తులు వాడితే తీసుకోనంది. కొటేషన్లలో పెట్టిన పెద్దాయన మాటలన్నీ మళ్ళీ మామూలుగా రాయాల్సి వచ్చింది. మధ్యలో పేజీ కాలం తీరిపోయి మొదటికొచ్చింది. కాబట్టి ముందు నోట్స్‌లో రాసుకుని అక్కడ అతికించండి. మొత్తం రెండు గంటలు పట్టింది. చివర్లో ఒక నంబర్ వచ్చింది. దాన్ని ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకున్నాం.

ఆ రాత్రే పోలీసుల షీ టీమ్స్ వాట్సాప్ నంబర్‌కి కూడా క్లుప్తంగా రాశాం. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన ఈ విభాగం బస్టాపుల దగ్గర వేధించేవాళ్ళ కోసమే అనుకునేదాన్ని, ఫోన్లో వేధింపులు కూడా తీసుకుంటారు. మూడో రోజు, 16న, ఒక మహిళా కానిస్టేబుల్ ఫోన్ చేసి రమ్మన్నారు.

వెళ్ళే ముందు ప్రింట్లు తీయించాలి కదా. కలర్ ప్రింట్ పేజీకి 10 రూపాయలు. జిరాక్స్ షాపులో ఉన్నది ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఫోన్ కేబుల్ పెట్టి ఒక్కొక్క స్క్రీన్‌షాట్ తెరిచి, పెద్దది చేసి, మార్జిన్ సరిచేసి కొడుతున్నాడు. ప్రతి బూతూ ఆ పెద్ద స్క్రీన్ మీద. వెనక కుల ధ్రువీకరణ పత్రం కాపీ కోసం ఒకాయన, స్కూలు ప్రాజెక్టు కోసం ఒక తల్లీకూతుళ్ళు. లక్ష్మిగారు బయటికెళ్ళి చెట్టు కింద నిలబడ్డారు. ఆ కుర్రాడికి మూడో పేజీకి విషయం అర్థమైంది. స్క్రీన్‌ని గోడవైపు తిప్పేసి, ఏమీ మాట్లాడకుండా మిగతావి కొట్టి కవర్లో పెట్టిచ్చాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఏడుపొచ్చింది అక్కడే. మీరైతే పీడీఎఫ్ చేసుకుని, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్ళండి.

తీరా వెళ్తే సగం ప్రింట్లు అక్కరకి రాలేదు. మేడం మొదట అడిగింది, "నంబర్ ఏదమ్మా?" అని. స్క్రీన్‌షాట్‌లో నేను సేవ్ చేసుకున్న పేరు పడింది తప్ప నంబర్ లేదు. పేరు మీద నొక్కి నంబర్ కనిపించే పేజీ కూడా తీసుకోవాలట. ఇంకోటి, అప్పటికప్పుడు తీసిన వాటి మీద తేదీ ఉన్నచోట "ఈరోజు", "నిన్న" అని ఉంది. ఏ రోజు? అందుకని అక్కడే చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేశాం. అందులో ప్రతి మెసేజ్ పక్కనా తేదీ, టైం వస్తాయి. ఫొటోలు లేకుండా అయితే 40,000 మెసేజుల దాకా తీసుకోవచ్చు కాబట్టి జనవరి నుంచి అన్నీ వచ్చాయి. వాయిస్‌లు మాత్రం విడిగా పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాం. ఆ తర్వాత ప్రింట్లు పక్కన పెట్టి, ఫోన్‌లోనే చూపించమన్నారు. చాట్ డిలీట్ చెయ్యొద్దు, కొన్నాళ్ళు ఫోన్ మార్చొద్దు అన్నారు. కేసు కోర్టుదాకా వెళ్తే ఫోన్లోని ఆధారాలకి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలని, అప్పుడు ఆ ఫోన్ ముఖ్యమని లాయరు గారు తర్వాత వివరించారు. ఎక్కడా ఫీజు అడగలేదు. మాకైన ఖర్చల్లా ప్రింట్లు, పెన్ డ్రైవ్, ఆటోలు, నాకు ఒక క్యాజువల్ లీవు.

కేసు పెడతారా, పిలిపించి కౌన్సెలింగ్ ఇవ్వమంటారా అని అడిగారు. వేరేవాళ్ళ గుర్తింపు వాడుకోవడం ఐటీ చట్టం 66సీ కింద నేరం, మూడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. నేనైతే కేసే పెట్టేదాన్ని. లక్ష్మిగారు మాత్రం, "నాకు కోర్టుల చుట్టూ తిరగడం వద్దక్కా. ఆగిపోతే చాలు" అన్నారు. దారి పొడుగునా వాదించాలనిపించింది. వాదించలేదు. బూతు పడింది ఆవిడ ఫొటో మీద, నిర్ణయం ఆవిడది.

తర్వాత మూడు వారాలు ఏమీ లేదు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. పోర్టల్ తెరిస్తే ఎప్పుడూ ప్రాసెస్‌లో ఉంది అనే. గ్రూపులో, "పోలీసులదాకా వెళ్ళారటగా" అని గుసగుసలు. ఈ మూడు వారాలే అన్నిటికంటే పొడుగ్గా అనిపించాయి, నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

మే 8న రమ్మన్నారు. పెద్దాయన కొడుకుతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. ఇన్నాళ్ళూ గొంతు విని నేను ఊహించుకున్న మనిషి వేరు. స్టిక్కరు తనే చేశానని, ఆ కొత్త నంబర్ ఇంట్లో వాడని సిమ్ అని ఒప్పుకున్నాడు. నకిలీ అకౌంట్ తనది కాదన్నాడు. అది ఎవరిదో మాకు ఈ రోజుకీ చెప్పలేదు. "సరదాకి చేశాను మేడం" అంటే, అధికారిణి ఆ స్టిక్కర్ ప్రింట్ తీసి కొడుకు చేతిలో పెట్టి, "చదవండి సరదాగా" అన్నారు. ఆ అబ్బాయి చదవలేదు. కాగితం తిరగేసి బల్ల మీద పెట్టాడు. ఇకపై ఆవిడ జోలికి రానని పెద్దాయన రాసి సంతకం పెట్టాడు. లక్ష్మిగారి వైపు చూడకుండా క్షమించమన్నాడు. ఆవిడ సరే అనలేదు, కాదనలేదు.

ఆ తర్వాత ఆయన నుంచి ఏమీ రాలేదు. లక్ష్మిగారు మృగశిర దాటాక బీర, కాకర పెట్టారు. గ్రూపులో ఉన్నారు గానీ ఇప్పుడు కాయల ఫొటోలే పెడతారు, తను కనబడరు. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, టీచరుగారు రాలేదు. ఆకు చూసి తెగులు చెప్పే మనిషి లేని లోటు మాకు ఉంది. పటాన్‌చెరు తమ్ముడు వ్యవసాయ డిగ్రీ చదువుతున్న తన మేనకోడల్ని చేర్పించాడు, ఆ పిల్లకి పరీక్షలు లేనప్పుడు చెప్తుంది.

మొన్నామధ్య వేరే మిద్దెతోట గ్రూపు అడ్మిన్ ఒకాయన ఫోన్ చేశారు. పెద్దాయన అక్కడ చేరాడట, సలహాలు బ్రహ్మాండంగా ఇస్తున్నాడట. "మీ గ్రూపులో ఏదో అయిందని విన్నాను, మనిషి ఎలాంటివారండీ?" అని అడిగారు. ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలకి ఆయన ఏమని జవాబిస్తున్నాడో ఒక వారం గమనించమన్నాను. రాత్రిపూట గ్రూపు మూసే సెట్టింగ్ ఎక్కడుంటుందో కూడా చెప్పాను.